రాయికి రంగేస్తే

"ఉలిదెబ్బలు తింటేనే శిల శిల్పమవుతుంది" అన్న మాట మన ఇళ్ళల్లో తరచు వినిపిస్తూ ఉంటుంది. పిల్లవాడి వీపు మీద రెండు వేశాక మన మనసుకి మనం చెప్పుకునే సమాధానమూ అదే. మాట గంభీరంగానే ఉంటుంది. కాని ఈ వేసవి సెలవుల్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని రాళ్ళకి రంగులు వేసి చూడండి. ఆ మాట మీద కొంచెం అనుమానం పుడుతుంది.

లింగంపల్లిలో ఉండేవాళ్ళకి రాళ్ళకి కరువేమిటి? కొత్త అపార్టుమెంటుకి పునాది తవ్విన ప్రతిచోటా గుట్టలే! మేస్త్రీని అడిగితే నాలుగు రాళ్ళు కాదనడు. శుభ్రంగా కడిగి, ఎండలో ఆరబెట్టి, ముందు పల్చగా తెల్లరంగు పూస్తే పై రంగులు బాగా కనిపిస్తాయి. కళ్ళు అన్నిటికన్నా ఆఖరున. పూలకుండీల్లో పెట్టేట్టయితే పైన కాస్త వార్నీషు వేస్తే వానకి తట్టుకుంటాయి. ఇంతే విద్య.

అసలు పని మాత్రం రంగుకి ముందే ఉంది. రాయిని చేతిలో అటూ ఇటూ తిప్పి, "ఇదేమిటి?" అని అడగటం. బోర్లించిన మూకుడులా ఉంటే తాబేలు. నిటారుగా నిలబడితే గుడ్లగూబ. ఓ పక్క మొనదేలితే చేప. "నాకు కుందేలే కావాలి" అని పట్టుబట్టిన పిల్లవాడికి గుట్టంతా వెతికినా ఒక్క రాయీ నచ్చదు. "ఇదేమిటో చూద్దాం" అన్నవాడికి ప్రతి రాయీ పనికొస్తుంది. వంకర ఉంటే ఆ వంకరే తోక!

ఈ విద్య మన పెద్దవాళ్ళకి కొత్త కాదు. తెలంగాణ పల్లెల్లో వేపచెట్టు కింద రాయికి పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టి, పోచమ్మ తల్లీ అని మొక్కారు. ఎన్నోచోట్ల ఆ రాయిని ఏ శిల్పీ ముట్టుకోలేదు. ఒక్క దెబ్బ తినకుండానే దేవత అయి కూర్చుంది.

హైదరాబాదు బండలూ అంతే. సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు అది. పగుళ్ళ వెంట నీరు దిగి, అంచులు అరిగి అరిగి, ఎవరో పేర్చిపెట్టినట్టు గుండ్రాళ్ళయి నిలబడ్డాయి. చూసినవాళ్ళు పేర్లు పెట్టారు. శిల్పారామంలోది 'ఎలుగుబంటి ముక్కు'. లింగంపల్లికి దగ్గర్లోనే, 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలోది 'పుట్టగొడుగు బండ'. ఇలాంటివాటిని కాపాడాలని 1996లో కొందరు 'సొసైటీ టు సేవ్ రాక్స్' అనే సంఘమే పెట్టుకున్నారు. అయినా ఎన్నో గుట్టలు మందుపాతరలకి పిండి అయ్యాయి. ఇళ్ళు వద్దా, ఆఫీసులు వద్దా అంటే, కావాలి మరి. మనం కాపురముంటున్నదీ ఆ ఇళ్ళలోనే. కాని రంగు తప్పితే తుడిచి మళ్ళీ వేసుకోవచ్చు. పగలగొట్టిన ముక్క మళ్ళీ అతకదు.

పిల్లల సంగతిలో ఈ తేడా మనకి గుర్తుంటోందా? ఆరో క్లాసయినా దాటకుండానే వాడికి ఐఐటీ 'ఫౌండేషన్' తవ్వటం మొదలెడతాం. వాడికి పాట మీద ధ్యాస ఉండొచ్చు, విరిగిన ఫ్యాను విప్పి చూడటం మీద ఉండొచ్చు. అది మనకి వంకరగా కనబడుతుంది. ఉలి తీస్తాం.

"అయితే వాళ్ళ మానాన వాళ్ళని వదిలెయ్యమంటారా?" అని మీరు అడగవచ్చు. వదిలేసిన రాయి గుట్టలోనే పడి ఉంటుంది కదండీ! కడగాలి. ఆరేదాకా ఓపిక పట్టాలి. ఒక పూత ఆరకుండా రెండోది వేస్తే రెండూ పాడవుతాయి. ఇందులో శ్రమ ఉంది, క్రమశిక్షణ ఉంది. లేనిదల్లా దెబ్బ ఒక్కటే. ఆ మాటకొస్తే మంచి శిల్పి కూడా ఉలి ఎత్తేముందు ఆ రాయి తీరు చూసుకుంటాడు. చూడకుండా కొడితే పగిలేది రాయే.

కనుక తాబేలుకి కుందేలు చెవులు అతికించబోయే ముందు, ఒక్కసారి చేతిలోకి తీసుకుని తిప్పి చూడటంలో నష్టమేముంది? తాబేళ్ళు కూడా పందెం గెలిచిన కథ మనమే కదా వాళ్ళకి చెప్పింది!