నడపాలనుంటే కొను, అల్లుడూ

అల్లుడూ,

నువ్వు పంపిన ఫోటోలూ, అమ్మేవాళ్లు రాసిచ్చిన లెక్కా తీరిగ్గా చూశాను. 2015లో రిజిస్టరైన లాంబోర్గినీ హురాకాన్. ఒంటి మీద గీత లేదు, తిరిగింది తక్కువ. బండి బాగుంది. అయితే నువ్వు ఫోనులో అన్న మాట ఒకటి నన్ను నిద్రపోనివ్వలేదు. "అత్తా, దీనికి రేటు పడదు. మూడేళ్లు తిప్పుకుని అదే రేటుకు అమ్మేస్తా" అన్నావు. కొనొద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ మాట నమ్ముకుని మాత్రం కొనొద్దు, అంతే.

మీ మామ లారీలు చూసుకుంటే లెక్కల పుస్తకాలు నేను రాశాను. చైనాలో ఉక్కు గిరాకీ పెరిగి అందరి చూపూ మన సండూరు కొండల మీద పడిన రోజుల్లో నువ్వింకా బడిలో ఉన్నావు. ఇనుప ఓర్ లారీలు పగలూ రాత్రీ వరస కట్టేవి. గోవా, బేలేకేరి, కృష్ణపట్నం, చెన్నై, ఏ రేవుకు బాడిగ దొరికితే ఆ రేవుకు పోయేవి. చేను అమ్మి టిప్పర్ కొన్నవాళ్లున్నారు, పెళ్లాం నగలు కుదువ పెట్టి కొన్నవాళ్లున్నారు. పాత లారీని అమ్ముతామంటే చాలు, ఇంటి ముందుకొచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టి పోయేవాళ్లు. మైన్ ఓనర్లకు విదేశీ కార్లు, కొందరికి హెలికాప్టర్లు. బళ్ళారిలో బండికి రేటు పడదని అప్పుడూ అందరూ అన్నారు.

2011 జూలై 27న లోకాయుక్త సంతోష్ హెగ్డే అక్రమ మైనింగు మీద నివేదిక ఇచ్చారు. రెండు రోజులకు, 29న, బళ్ళారి జిల్లాలో మైనింగు ఆపేయమని సుప్రీంకోర్టు ఉత్తర్వు వచ్చింది. ఆ రోజుకీ ముందు రోజుకీ మా లారీల్లో ఏ తేడా లేదు. అవే ఇంజన్లు, అవే టైర్లు. కానీ ఊరంతా అమ్మేవాళ్లే, కొనేవాడు ఒక్కడు లేడు. కంతులు మాత్రం నెల నెలా అదే తేదీకి కట్టాల్సి వచ్చేది. కట్టలేనివాళ్ల బండ్లు ఫైనాన్సువాళ్లు తోలుకుపోయారు. కొన్ని గనులు మళ్లీ తెరుచుకోవచ్చని కోర్టు 2013 ఏప్రిల్‌లో చెప్పేసరికి చాలామంది దగ్గర నడపడానికి లారీయే మిగల్లేదు. మేము ఏ లారీ ఎంతకు అమ్మామో ఇప్పటికీ నా పుస్తకంలో ఉంది, ఇంటికొచ్చినప్పుడు చూపిస్తాను. అమ్మకం రేటు గురించి ఎవరెంత నమ్మకంగా చెప్పినా ఆ పేజీలే నాకు గుర్తొస్తాయి.

నువ్వు కొనేది పాతదే అయినా కొత్త బండి రేటులో ఏముందో తెలుసుకో. రేవులో దిగినప్పుడు కోటి రూపాయల బండి అనుకుందాం. సుంకం, దానితోపాటు వసూలు చేసే సెస్సు కలిపి 110 శాతం. అంటే రెండు కోట్ల పది లక్షలు. దాని మీద జీఎస్టీ, 2025 సెప్టెంబరు నుంచి 40 శాతం, మరో 84 లక్షలు. మన కర్ణాటకలో 20 లక్షలు దాటిన కారుకు జీవితకాల పన్ను 18 శాతం, ఆ పన్ను మీద మళ్లీ సెస్సు. డీలరు లాభం కలపకముందే మూడున్నర కోట్లు. ఇందులో ఇటలీవాడు చేసిన బండి విలువ కోటి, మిగిలిందంతా పన్ను. ఇక్కడ పాత బండికి పలికే రేటు ఈ పన్నుల ఎత్తు మీదే నిలబడి ఉంది. ఆ ఎత్తు తగ్గితే దానితోపాటు అదీ దిగుతుంది. 2025 జూలై 24న బ్రిటన్‌తో మన దేశం చేసుకున్న ఒప్పందంలో కార్ల సుంకాన్ని, కోటా పరిమితిలో, మెల్లమెల్లగా పది శాతానికి దించడానికి ఒప్పుకున్నారు. అది మెక్‌లారెన్, ఆస్టన్ మార్టిన్‌లాంటి అక్కడి బండ్ల సంగతి. ఇటలీ బండ్లకూ అలాంటిదే అమలైందనుకో, కొత్త బండే చవగ్గా దొరుకుతుంటే నీ పాత బండిని పాత రేటుకు ఎవరు కొంటారు?

సరిహద్దు ఊళ్లో ఉన్నాం కాబట్టి ఇంకో మాట. ఆంధ్రాలోని రాయదుర్గంలో మన చుట్టాల అడ్రసు మీద రిజిస్టర్ చేసుకుంటే పన్ను కలిసొస్తుందని నీకెవరో చెప్పారట. వద్దు నాయనా. ఏడాది దాటి ఇక్కడ తిరిగే బండికి ఇక్కడి పన్ను కట్టి తీరాలి. 2025 జూలైలో బెంగళూరులో మహారాష్ట్ర నంబరుతో తిరుగుతున్న ఒక ఫెరారీని ఆర్టీవోవాళ్లు ఆపి, బకాయీ జరిమానా కలిపి కోటీ నలభై లక్షలకు పైగా కట్టించుకున్నారు. పసుపు పచ్చని లాంబోర్గినీని బళ్ళారిలో ఎక్కడ దాస్తావు? రేపు అమ్మబోతే కొనేవాడు మొదట అడిగేది కూడా ఆర్‌సీ, పన్ను రసీదే. మన బళ్ళారి కేఏ-34 నంబరు వేయించుకుని తలెత్తుకుని నడుపు.

ఇది ఆఖరి వీ10 కాబట్టి రోజురోజుకూ విలువ పెరుగుతుందని అమ్మేవాళ్లు అంటున్నారు కదా. అందులో సగం నిజం. హురాకాన్ 2024తో ఆగిపోయింది, దాని తర్వాత వచ్చిన టెమెరారియోలో టర్బోలు తగిలించిన వీ8, దానికి తోడు కరెంటు మోటార్లు. ఆ పాత ఇంజను మళ్లీ రాదు. కానీ హురాకాన్‌లు 20 వేలకు పైగా తయారయ్యాయి. విలువ పెరిగిన బండ్ల కథ వేరు. మెక్‌లారెన్ ఎఫ్1లు ప్రపంచం మొత్తానికి 106. నువ్వు చిన్నప్పుడు పడీపడీ నవ్విన మిస్టర్ బీన్, అదే రోవన్ అట్కిన్సన్, 1997లో ఒకటి కొన్నాడు. దాచిపెట్టలేదు. 66 వేల కిలోమీటర్లు నడిపాడు, రెండుసార్లు గుద్దాడు, రెండోసారి బాగుచేయడానికే తొమ్మిది లక్షల పౌండ్లు దాటింది. అయినా 2015లో 80 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది. నాకు ఆ అమ్మకం కన్నా ఆ 66 వేల కిలోమీటర్లే నచ్చాయి. పిల్లల్ని ఎక్కించుకుని, సరుకులు తెచ్చుకుని, బండిని బండిలా వాడుకున్నాడు. రేటు పెరగడం ఆయన చేతిలో లేదు, నీ చేతిలోనూ లేదు. నడపడం ఒక్కటే కొన్నవాడి చేతిలో ఉండేది.

ఇన్సూరెన్సువాళ్ల పట్టిక కూడా చూడు. కొత్త కారుకు ఏడాది నిండేసరికి 15 శాతం కోస్తారు, అయిదేళ్లకు సగం. ఆ తర్వాత నువ్వూ కంపెనీ కూర్చుని ఒప్పుకున్న విలువే. ఆ విలువ తక్కువ రాయించుకుంటే ప్రీమియం తగ్గుతుందని సంబరపడొద్దు. బండి మొత్తం పోయిన రోజు వాళ్లిచ్చేది దాన్నిబట్టే.

ఇంక నడిపే సంగతి. మొన్న బెంగళూరులో ఆ బండిలో నన్ను కూర్చోబెట్టావు గుర్తుందా? విమానాశ్రయం దారిలో ఒక్కసారి తొక్కావు. ముల్లు ఎనిమిది వేలు దాటుతుంటే వెనక నుంచి వచ్చిన ఆ మోత నా ఎముకల్లో పలికింది. మీ మామ నాకు డ్రైవింగు నేర్పిన పాత విల్లీస్ జీపు నుంచి మొన్నటిదాకా ఎన్నో బండ్లు ఎక్కాను, ఒక యంత్రం అంత ప్రాణంతో కదలడం ఎన్నడూ చూడలేదు. నీ ముఖం కూడా చూశాను. జీన్స్ యూనిట్లో కుట్టుమిషన్ల మధ్య పొద్దు గుంకేదాకా ఉండే మా పిల్లోడు, వాషింగ్ బిల్లుల గురించి తప్ప మాట్లాడని వాడు, ఆ పది నిమిషాలూ ఒక్క మాట లేకుండా నవ్వుతూనే ఉన్నాడు. ఆ ఆనందం కోసం దుడ్డు ఖర్చు పెట్టడం తప్పు కాదు. మూడేళ్లకు అరవై లక్షలు తగ్గితే తగ్గనీ. బాడిగ కట్టి అనుభవించాననుకో. ఆ బాడిగ భరించగలవా అన్నది మాత్రం ఇవాళే తేల్చుకో.

అందుకే నా షరతులు రెండు. యూనిట్లో తిరిగే దుడ్డులోంచి ఒక్క రూపాయి తీయొద్దు, బట్ట కొనేదీ కూలీలకిచ్చేదీ అదే. కంతుల మీద కూడా వద్దు. రేటు పడినా కంతు పడదని 2011లో మన ఇంట్లోనే చూశాం.

కొన్నాక షెడ్డులో గుడ్డ కప్పి పెట్టకు. వాడకపోతే ఇలాంటి బండి త్వరగా పాడవుతుంది. బ్యాటరీ దిగిపోతుంది, సీళ్లు ఎండిపోతాయి. టైరు అరగకపోయినా వయసుకు గట్టిపడుతుంది. పక్కన అచ్చువేసిన నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం, అది చూసి మార్పించు. ఇప్పుడు బంకుల్లో అమ్మేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, ట్యాంకులో నెలల తరబడి నిలవుంటే తేమ పీల్చుకుంటుంది. వారానికొకసారి తెల్లవారుజామున లారీలు జోరందుకోకముందే బయటికి తియ్యి. చెళ్ళకెరె మీదుగా హిరియూరు దాకా పోయిరా. మన ఓర్ దుమ్ము రేడియేటర్లలో కూరుకుపోతుంది, తిరిగొచ్చాక కడిగించు. ఊళ్లోని హంపుల దగ్గర ముందు భాగాన్ని పైకెత్తే మీట ఉందో లేదో కొనకముందే అడుగు, అన్ని బండ్లకూ ఉండదు. లేకపోతే మన వీధిలోకే రాదు. ఎవరితోనూ పందేనికి పోవద్దు, అది నా మీద ఒట్టు. వేగం చూడాలనిపిస్తే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది, అక్కడికి పో.

వచ్చే బుధవారం సర్వీసు రికార్డు చూడటానికి బెంగళూరు పోతున్నావట. నేనూ వస్తాను. అమ్మేవాళ్ల కాగితాలు సరిపోవు, కంపెనీ వర్కుషాపులో లిఫ్టు మీద ఎక్కించి కింద నుంచి చూపించమను. ముందు ఎవరి పేరు మీద ఉంది, లోను తీరిందా, బ్యాంకు ఎన్‌వోసీ ఉందా అన్నవి నేను చూస్తాను. మీ నాయనతో నేను మాట్లాడతాను, తమ్ముడు నా మాట కాదనడు. నువ్వు మాత్రం ఆదివారంలోగా యూనిట్ లెక్కలు తీసుకుని ఇంటికి రా. నీ చేతిలో నిజంగా మిగిలింది ఎంతో కూర్చుని చూద్దాం.

మీ అత్త