సేవాసంఘం: కర్త ఎవరు?

సేవాసంఘానికి అధ్యక్షులు కాబోయేవారికి సభ నడపడం, చందాలు కూడగట్టడం, లెక్కలు రాయించడం, సభ్యులకు పనులు పంచడం నేర్పుతారు. వీటన్నిటికీ అడుగున ఒక తాత్విక ప్రశ్న ఉంది. పదిమంది కలిసి చేసిన మంచిపనికి కర్త ఎవరు?

భగవద్గీత 18వ అధ్యాయం దీనికి సూటిగానే జవాబిచ్చింది. ఏ పని నెరవేరాలన్నా అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్ట, దైవం అనే ఐదూ కలవాలి. కర్త ఆ ఐదింటిలో ఒకడు మాత్రమే. అంతా తానే చేశాననుకోవడం అవివేకం.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకంలేని వాన పడే అనంతపురంలో ఈ లెక్క తేలిగ్గా బోధపడుతుంది. ఊరిబయట మొక్కలు నాటించే సంఘాన్నే తీసుకుంటే, వ్యాఖ్యాతలు శరీరమని చెప్పిన అధిష్ఠానం ఇక్కడ ఎర్రనేల. గడ్డపారలు, నీళ్ల ట్యాంకరు కరణాలు. గుంతలు తవ్వినవారి, బిందెలు మోసినవారి శ్రమ చేష్ట. వాన దైవం. శిలాఫలకం మీద మాత్రం అధ్యక్షుడి పేరే పెద్దక్షరాల్లో ఉంటుంది.

కర్తృత్వం వదులుకోవడమంటే ఫలితాన్ని గాలికి వదిలేయడం కాదు. సాత్త్విక కర్తకు అహంకారం, ఆసక్తి ఉండవంటూనే, ధృతి, ఉత్సాహం ఉండాలని గీత షరతు పెట్టింది. ఫలం తనది కాకపోయినా, కుళాయిలో నీరు వస్తోందో లేదో చూడడం మాత్రం తన పనే. పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు 1995లో చేపట్టిన తాగునీటి పథకం అప్పటి అనంతపురం జిల్లాలో 700కు పైగా గ్రామాల కోసం ఉద్దేశించినది. కట్టడం పూర్తయ్యాక దాన్ని ప్రభుత్వానికి అప్పగించారు. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరి గ్రామీణాభివృద్ధి సంస్థకు పునాది వేశారు. 2009లో ఆయన కన్నుమూసినా సంస్థ పని ఆగలేదు. మొదటిది కట్టినదాన్ని వదలగలగడానికి, రెండోది స్థాపకుడు లేకున్నా నిలవగలగడానికి ఉదాహరణలు.

పదవిని వదలడం నేర్పేందుకు కొన్ని సంఘాలు నియమమే పెట్టుకున్నాయి. 1905లో షికాగోలో పుట్టిన రోటరీలో క్లబ్బు అధ్యక్షుడి పదవీకాలం జులై 1 నుంచి ఏడాది. కాబోయే అధ్యక్షుడు ముందుగానే శిక్షణ పొందుతాడు. పుట్టపర్తిలోని సత్యసాయి ఆశ్రమం ప్రశాంతి నిలయానికి వంతులవారీగా వచ్చే సేవాదళ సభ్యులు, సొంతూళ్లో తమకు ఏ హోదా ఉన్నా, అక్కడ వంటశాలలో, వరుసల దగ్గర అప్పగించిన పనే చేస్తారు.

ఏడాది పదవికి ఒక చిక్కూ ఉంది. మెట్టనేలలో మొక్క బతకాలంటే కనీసం రెండు మూడు వేసవులు నీళ్లు పోయాలి. ప్రతి అధ్యక్షుడూ తన పేరుతో కొత్త పథకం మొదలుపెడితే పాత మొక్కలు ఎండిపోతాయి. కాబట్టి శిక్షణలో దిగిపోవడంతో పాటు అందుకోవడమూ నేర్పాలి. పాత అధ్యక్షుడు లెక్కలతో సహా పని అప్పగించాలి, కొత్తవాడు ఆ పనికే తన ఏడాదిలో మొదటి ఖర్చు రాయాలి. పదవిని వదులుకోవడం కంటే, మరొకరి పేరున్న మొక్కకు నీళ్లు పోయడమే కష్టమైన నిష్కామకర్మ.