చిన్ని చేతుల నైవేద్యము

వినాయకచవితినాడు తల్లి ఉండ్రాళ్ళు చేయుచుండగా నాలుగేండ్ల బిడ్డ ప్రక్కన చేరి "నేనూ చేస్తానమ్మా" అనును. "నీకు చేతకాదు, పాడుచేస్తావు, అవతలికి పో" అని పెద్దలు గదుముదురు. నరసరావుపేట మొదలు మాచెర్ల వరకు ఏ యింటనైనను జరుగునదే. అయినను ఇందొక ధర్మసందేహము గలదు. నైవేద్యపు ఉండ వంకరయగుట దోషమా? సేవకై చాచిన చేతిని త్రోసివేయుట దోషమా?

మడి చెడునని శంకించువారికి గౌతమధర్మసూత్రమున సమాధానమున్నది. ఉపనయనమునకు పూర్వము బాలునకు ఆచారనిర్బంధము లేదు. అతని స్పర్శవలన అశౌచము కలుగదు. అయితే హోమమునందును, బలిహరణమునందును అతనిని నియోగింపరాదనియు ఆ సూత్రమే చెప్పినది. కావున నివేదన పెద్దలు చేయవలెను. ఉండలు చుట్టుటకు పిల్లలను కూర్చుండబెట్టవచ్చును.

శౌచము ఉపదేశముచే గాక ఆచరణచే అబ్బును. చేతులు కడుగుకొని కూర్చుండుట, నోరూరుచున్నను నివేదన కాకమునుపు రుచి చూడకుండుట, ఇవియే శమదమములకు తొలిపాఠములు.

ఇక లోకజ్ఞానము. గిద్దెతో నాలుగుమారులు పోసిన సోల నిండును. సోలెడు బియ్యపురవ్వకు రెండు సోలల ఎసరు. ఈ లెక్క పలకమీదకంటె పాత్రలో త్వరగా బోధపడును. పిండిని అరచేత గుండ్రముగా త్రిప్పుటచే వ్రేళ్ళకు పట్టు కుదురును. రేపు బలపము పట్టవలసినవి ఆ వ్రేళ్ళే. ఇరువదియొక్క ఉండలు లెక్కించి పళ్ళెమున నుంచుటతో సంఖ్య నిలుచును. 1939లో మద్రాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నొసగిన మరియా మాంటిస్సోరి విదుషీమణియు ఇంటిపనులనే శిశువిద్యకు సాధనములుగా గ్రహించినది.

నిప్పు, కత్తిపీట, కాగుచున్న ఎసరు పెద్దల అధీనమున నుండవలెను. చల్లారిన పిండియే బిడ్డ వంతు. గుప్పెడు రవ్వ నేల రాలినచో కసరక, ఏరించి పిచ్చుకలకు వేయింపుడు. అన్నమును పారవేయరాదను నీతి దానితోనే తెలియును.

తైత్తిరీయోపనిషత్తునందలి భృగువల్లిని స్మరింపుడు. బ్రహ్మమును తెలుపుమని కుమారుడు కోరగా వరుణుడు తపస్సు చేసి తెలిసికొనుమనెను. భృగువు తొలుత అన్నమే బ్రహ్మమని గ్రహించి వచ్చెను. అది తుదిమెట్టు కాదు. అయినను తండ్రి పరిహసింపలేదు. మరల తపస్సు చేయుమని పంపెను. అట్లు ప్రాణము, మనస్సు, విజ్ఞానము దాటి కుమారుడు ఆనందమును చేరెను. తండ్రి తానే చెప్పివేసినచో ఆ యెరుక భృగువుది కాకపోవును. వంకర ఉండను చూచి "మరియొకటి చేయుము నాయనా" అను తల్లియు వరుణుని మార్గముననే నడచుచున్నది.

ఆడపిల్లకే ఈ పని యనుట తగదు. నలుడును భీముడును పాకమున ప్రసిద్ధులు గదా! బ్రహ్మనాయుని చాపకూడు పుట్టిన పలనాడిది. నేటికిని కారెంపూడి వీరారాధనోత్సవములలో చాపకూడు జరుగుచున్నది. అందరిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టిన గడ్డమీద, మన బిడ్డనే వంటయింటి గడపకు వెలుపల నిలుపుట న్యాయమా?

ఆలస్యమగునన్నది నిజము. ఆ గడియసేపు మనమోర్చుకొనుటయే ఇందు పెద్దల తపస్సు. ఉండ వంకర నాడే ఆవిరిలో ఉడికి ప్రసాదమైపోవును. "నీ చేయి దేవునికి పనికిరాద"ని విన్న పసిమనస్సు వంకర మాత్రము చిరకాలము నిలుచును. గణపతి ఏది మన్నించునో పాఠకమహాశయులే యోచింతురుగాక.