ఉచితముగా నిచ్చినవాడు ఆపివేయవచ్చునా?

ఒక వర్తకుడు తన అంగడి ముందు ప్రతి వేసవిలోను చలివేంద్రము పెట్టుచుండెననుకొందము. పదియేండ్లు గడచినవి. బాటసారులు ఆ నీటికి అలవాటుపడిరి. ఇంటినుండి చెంబు తెచ్చుకొనుటయే కొందరు మానుకొనిరి. పదునొకండవ ఏట కుండలు కనబడలేదు. ఇంతకాలము నీరిచ్చినందుకు అతనిని కొనియాడవలెనా, ఇప్పుడియ్యనందుకు నిందింపవలెనా? దప్పికతో వచ్చినవాడు సాధారణముగా రెండవ పనియే చేయును. డబ్బిచ్చి కొన్న సరుకును తూచి చూచుకొనువాడు సైతము ఉచితముగా వచ్చినదానిని హక్కుగా నెంచును. ఇది లోకరీతి.

నీటి కుండల విషయమున ఈ ప్రశ్న చిన్నదిగా తోచును. అయితే కోట్లమంది వాడుకొన్న ఒక ఉచిత వస్తువు విషయమున ఇదే ప్రశ్న పుట్టినది. ఆ వస్తువు కథలో ఒక అధ్యాయము బెంగుళూరు ప్రక్కనున్న ఆనేకల్ ప్రాంతమున నడచినది.

ఆనేకల్ తాలూకాలో తెలుగు మాటలాడు కుటుంబములు తరతరములుగా నున్నవి. ఆ ప్రాంతములోని కోనప్పన అగ్రహారము, దొడ్డతోగూరు గ్రామముల నేలలో కియోనిక్స్ అను కర్ణాటక ప్రభుత్వ సంస్థ 1970 దశకపు చివర ఎలక్ట్రానిక్ సిటీని నెలకొల్పెను. అక్కడ జాతీయ సాఫ్ట్‌వేర్ సాంకేతిక కేంద్రమునకు ఒక శాఖ యుండెను. అది తరువాత సి-డాక్‌లో కలిసినది. ఓపెన్ ఆఫీస్ అను ఉచిత కార్యాలయ సాఫ్ట్‌వేరుకు భారతీయ భాషలు నేర్పు పనిని ఆ శాఖవారు చేపట్టిరి. ఆ ప్రయత్నమునకు భారతీయ ఓపెన్ ఆఫీస్ అని పేరు. 2005 ఏప్రిల్‌లో తమిళమునకు, జూన్‌లో హిందీకి, తరువాత తెలుగునకు కేంద్ర ప్రభుత్వము సీడీలు వెలువరించి, కోరినవారికి ఉచితముగా పంచినది. ఉత్తరములు వ్రాసికొనుటకు, జమాఖర్చుల పట్టీలు వేసికొనుటకు కావలసిన సామగ్రి, తెలుగు అక్షరముల ఫాంట్లు అన్నియు అందులో నుండెను. ఆంగ్లము రాని గుమాస్తా కంప్యూటరు ముందు కూర్చుండి తన భాషలోనే పట్టిక తెరవగలుగుట అప్పటికి సామాన్యమైన సంగతి కాదు.

ఈ ఓపెన్ ఆఫీస్ పుట్టుక వర్తకులకు రుచించు కథ. జర్మనీలో మార్కో బోరీస్ అను బాలుడు పదునారేండ్ల ప్రాయమున 1985 లో స్టార్ డివిజన్ అను సంస్థను పెట్టెను. అతని సరుకు స్టార్ ఆఫీస్. 1999 లో అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ ఆ సంస్థను కొన్నది. కొనుటకు కారణమేమి? అప్పుడు సన్‌లో రమారమి నలుబదిరెండువేలమంది ఉద్యోగులుండిరి. వారందరికిని మైక్రోసాఫ్ట్ వారి ఆఫీసు లైసెన్సులు కొనుటకంటె, అట్టి సరుకు తయారుచేయు కంపెనీనే కొనివేయుట చౌక యని లెక్క తేలినదట. సన్‌లో పనిచేసిన సైమన్ ఫిప్స్ అనునాయన తరువాత ఈ మాట చెప్పెను. బియ్యపు ఖర్చు హెచ్చుగా నున్నదని మిల్లునే కొన్న సంసారి వంటిది ఈ బేరము.

2000 సంవత్సరము జూలైలో సన్ కంపెనీ దాని మూలగ్రంథమును, అనగా కంప్యూటరుకిచ్చు ఆజ్ఞల వ్రాతను, లోకమునకు విడుదల చేసెదమని ప్రకటించినది. అక్టోబరు 13 న విడుదల చేసినది. ఎవరైనను చదువవచ్చును, మార్చుకొనవచ్చును, ప్రతులు తీసి పంచవచ్చును. మొదటి పూర్తి ప్రతి 2002 లో వెలువడెను. ఆ ఏడే సన్ తన స్టార్ ఆఫీసును వెలకట్టి అమ్మసాగినది. ఒకే వంటశాలలోనిది, ఒక వాకిట అన్నదానము, మరొక వాకిట హోటలు. ఇందులో తప్పేమియు లేదు. దానము చేయువాడు వ్యాపారము మానవలెనని ఏ శాస్త్రమును చెప్పలేదు.

అయినను ఇది దానమే యగునా? తన ఖర్చు తగ్గించుకొనుటకు కొని, పోటీదారు బలము తగ్గించుటకు పంచినదానిని దానమనుట ఎట్లని ఒకరు అడుగవచ్చును. తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయము చివర దానమును గూర్చి రెండు విషయములున్నవి. మేలు కొరకై తన సొత్తును వదలుట దానమని ఒకటి. ఆ మేలు తనకును ఇతరులకును కూడనని పూజ్యపాదుల వ్యాఖ్య. కనుక ఇచ్చువానికి లాభము కలిగినంతమాత్రమున దానము దానము కాకపోదు. విధి, వస్తువు, దాత, పాత్రము అను నాలుగింటి భేదమును బట్టి దానఫలము మారునని రెండవది. ఇక్కడ గట్టిగా పట్టుకొనవలసిన మాట "వదలుట". చేయి చాచుట వేరు, పిడికిలి విప్పుట వేరు.

సన్ కంపెనీ పిడికిలి ఎంత విప్పినది? మూలగ్రంథమును పూర్తిగా వదలినది. దానిని మరల వెనుకకు తీసుకొను దారి తనకు లేకుండ లైసెన్సులోనే కట్టుకొన్నది. ఇది గొప్ప త్యాగమే. కాని రెండింటిని మాత్రము వదలలేదు. ఒకటి పేరు. రెండవది పెత్తనము. బయటివారు ఎవరైనను ఆ గ్రంథమునకు తమ పనిని చేర్చదలచినచో, తాము వ్రాసిన భాగముపై సన్‌కు కూడ హక్కు వ్రాసి ఇయ్యవలసియుండెను. చందా వేసి కట్టిన ధర్మశాలకు దస్తావేజు ఒక్కరి పేర ఉన్నట్లు ఇది పలువురికి కంటగింపయ్యెను. ధర్మకర్త మంచివాడైనంతకాలము ఇట్టి దస్తావేజుల సంగతి ఎవరికిని జ్ఞప్తికి రాదు.

జ్ఞప్తికి వచ్చు దినము వచ్చినది. 2010 జనవరిలో ఓరకిల్ కంపెనీ సన్‌ను కొన్నది. ధర్మశాల దస్తావేజు కొత్త యజమాని పెట్టెలోనికి పోయెను. ఆ సెప్టెంబరు 28 న పనివారిలో పెక్కుమంది వేరుపడి డాక్యుమెంట్ ఫౌండేషన్ అను సంస్థను స్థాపించి, అదే గ్రంథమును తీసుకొని లిబ్రె ఆఫీస్ అను పేరుతో కొనసాగించిరి. ఓరకిల్‌ను కూడ చేరుమని పిలిచిరి. పాత పేరును తమకిచ్చివేయుడని అడిగిరి. ఓరకిల్ ఇయ్యలేదు. పైగా వేరుపడినవారు పాత సంఘపు సభలో నుండుట తగదని, తొలగిపొమ్మని కోరినది. ఏడు నెలలలో, 2011 ఏప్రిల్‌లో, తాను ఆ వ్యాపారము మానుకొనుచున్నట్లు అదే ఓరకిల్ ప్రకటించెను. జూన్‌లో గ్రంథమును, పేరును అపాచీ ఫౌండేషన్‌కు అప్పగించెను. అడిగినవారికి కాక అడుగనివారికి ఇచ్చెనన్నమాట. పెండ్లిండ్లలోను, ఆస్తి పంపకములలోను ఇట్టిది చూచినవారికి ఇందులో వింత తోచదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. ఓరకిల్ అన్యాయము చేసెనా? ఆపివేసినందుకు మాత్రము దానిని నిందించుట న్యాయము కాదు. కుండలో నీరు పోయుట ఒక దినపు పని కాదు, దినదినము పోయవలెను. సాఫ్ట్‌వేరు కూడ అట్టిదే. కంప్యూటర్లు మారును, దొంగలు క్రొత్త కన్నములు కనిపెట్టుదురు, ఎవరో ఒకరు జీతము తీసుకొని మరమ్మతు చేయుచుండవలెను. వెనుకటి యజమాని మొదలుపెట్టిన వ్యయమును ఎల్లకాలము భరింపుమని కొత్త యజమానిని నిర్బంధించుట ఏ ధర్మము? తన శక్తికి మించిన దానము చేయుమని గృహస్థునకు ఎవరును చెప్పరు. ఆపుట దోషము కాదు. దోషమున్నచో అది ఆపిన తీరులో నున్నది. తాను పోయదలచని కుండలను, పోయుటకు సిద్ధముగా నున్నవారు అడిగినప్పుడు ఇయ్యకుండ ఏడు నెలలు పట్టుకొనియుండుటలో నున్నది. వస్తువును విడిచిన తరువాత కూడ మనుష్యుడు పేరును విడువలేడు. పరిగ్రహమునకు చివరి ముడి అక్కడ నుండును.

ఆ పేరు వలన కలిగిన చిక్కు ఇంతటితో తీరలేదు. అపాచీ చేతిలో ఓపెన్ ఆఫీస్ 2012 మే నెలలో క్రొత్త ప్రతిగా వెలువడెను. రెండేండ్లలో దానిని దించుకొన్న లెక్క పదికోట్లు దాటెనని 2014 ఏప్రిల్‌లో ప్రకటించిరి. పేరు చూచి వచ్చినవారి సంఖ్య అది. పనిచేయువారు మాత్రము నానాటికి తగ్గిరి. 2015 అక్టోబరు నుండి ఏడాదిపాటు క్రొత్త ప్రతి లేదు. నడుమ ఒక భద్రతా లోపము బయటపడగా, దానిని పూడ్చుటకే కష్టపడిరి. 2016 సెప్టెంబరులో ఆ సంఘపు పెద్దయే, దీనిని మూసివేయుట ఎట్లో ఆలోచింపవలసియున్నదేమో యని బహిరంగముగా వ్రాసెను. మూయలేదు. అటుపిమ్మట వెలువడినవి చాలవరకు చిన్న మరమ్మతుల ప్రతులే. అదే కాలమున లిబ్రె ఆఫీస్ ఏటా రెండు క్రొత్త ప్రతులు తెచ్చుచుండెను. 2020 అక్టోబరులో డాక్యుమెంట్ ఫౌండేషన్‌వారు అపాచీవారికి బహిరంగలేఖ వ్రాసిరి: మీ వాకిటికి వచ్చువారికి ఇట్టిది మరియొకటి కలదని చెప్పుడు, అని దాని సారాంశము.

వర్తకుల ధర్మములో ఇది సున్నితమైన విషయము. తన కొట్టులో సరుకు లేనప్పుడు, ఎదురుకొట్టులో నున్నదని గిరాకీకి చెప్పవలెనా? చెప్పినవారున్నారు, చెప్పనివారు అంతకంటె ఎక్కువమంది యున్నారు. అమ్మకపు సరుకు విషయమున చెప్పకపోవుట లోభమనిపించుకొనును, దానినైనను క్షమింపవచ్చును. ఉచితముగా నిచ్చు చోట లాభమే లేదు గదా, మరి చెప్పకపోవుటకు కారణమేమి? బోర్డు మీది పేరుపై మమకారము తప్ప మరొకటి కనబడదు. అపాచీవారు కూడ జీతము లేక పనిచేయువారే. వారి శ్రమను చిన్నచేయుట తగదు. కాని బోర్డును చూచి నమ్మి లోపలికి వచ్చువానికి నిజము చెప్పవలసిన బాధ్యత, ఉచితముగా నిచ్చినంతమాత్రమున తొలగదు.

దాతలను గూర్చి ఇంత విచారించినప్పుడు పుచ్చుకొన్నవారిని వదలుట పక్షపాతమగును. ఆనేకల్‌లో ఒక బట్టల కొట్టువాడు ఆ తెలుగు సీడీని 2006 లో తెచ్చుకొని పదేండ్లు లెక్కలు వ్రాసెననుకొందము. అతడు ఏమి నష్టపోయెను? వ్రాసిన లెక్క ఒక్కటియు పోలేదు. ఓపెన్ ఆఫీస్ పత్రములను దాచు పద్ధతి 2006 లో అంతర్జాతీయ ప్రమాణముగా అంగీకరింపబడినది. ఆ పద్ధతి ఎవరికిని రహస్యము కాదు. కంపెనీ పోయినను, పేరు మారినను, ఆ పట్టీలను లిబ్రె ఆఫీస్ తెరచును, ఇతరములును తెరచును. తాత వ్రాసిన ఖాతాపుస్తకమును మనుమడు చదువగలిగినట్లే. వెలయిచ్చి కొన్న సాఫ్ట్‌వేర్లు కొన్నింటి విషయమున ఇట్లు చెప్పుటకు వీలులేదు. కంపెనీ తలుపు మూసిన దినముననే పాత లెక్కల పెట్టెకు తాళపుచెవి పోవును.

పదియవ శతాబ్దపు చివర, వేంగినాటి మల్లపయ్య కుమార్తె అత్తిమబ్బె, పొన్నకవి రచించిన శాంతిపురాణమును వేయి తాళపత్ర ప్రతులు వ్రాయించి పంచినదని ప్రతీతి. దానచింతామణి యని ఆమెకు బిరుదు. ఆ కాలమున గ్రంథము నిలుచుటకు అదొక్కటే దారి. ఒక భాండాగారమునకు చెదలు పట్టినను మరియొక ఊరిలో ప్రతి యుండును. అత్తిమబ్బె తరువాత ఆ ప్రతులను తిరిగి తెండని ఎవరును అడుగలేరు. వ్రాయించుట ఆపినను ఇచ్చినది ఆగదు. 2000 అక్టోబరున సన్ చేసినది ఈ వేయి ప్రతుల పని వంటిది. అందుచేతనే 2011 లో యజమాని ఆపివేసినను గ్రంథము ఆగలేదు.

ఆగినది మాత్రము ఒకటి కలదు. అది తెలుగు సీడీ. ప్రభుత్వము పంచినది, జనము పుచ్చుకొన్నది, అంతటితో సరి. ఓపెన్ ఆఫీస్ క్రొత్త ప్రతి వచ్చినప్పుడెల్ల క్రొత్త మాటలు వచ్చును, వానికి మరల తెలుగు చేయవలెను. ఎలక్ట్రానిక్ సిటీలోని ఉద్యోగులు మొదటి విడత చేసిరి. పుచ్చుకొన్నవారిలో తరువాతి విడతకు ముందుకు వచ్చినవారు కొద్దిమందియే. తాళపత్రము నూరేండ్లకైనను తిరిగి వ్రాయవలెనని వెనుకటివారు ఎరుగుదురు. శ్రుతపంచమినాడు గ్రంథములు దించి దుమ్ము దులిపి చూచుకొను ఆచారము అందుకే పుట్టియుండును. సీడీకి అట్టి పండుగ లేదు.

లిబ్రె ఆఫీస్‌లో తెలుగు నేటికిని ఒక భాషగా నున్నది. అనువాదము చేయగోరువారు చేరుటకు రుసుము లేదు, పరీక్ష లేదు. ఆంగ్లపు మాట కనబడును, తెలుగు వ్రాయుటకు గడి యుండును. కొన్ని గడులలో వెనుకటివారు వ్రాసిపెట్టిన మాటలున్నవి. కొన్ని ఖాళీగా నున్నవి.