బడికిని ఇంటికిని నడుమ

బిడ్డ చదువునకు బాధ్యు లెవ్వరు? ఉపాధ్యాయుని నడిగినచో తల్లిదండ్రులకు శ్రద్ధ లేదనును. తల్లిదండ్రుల నడిగినచో పంతులు సరిగా చెప్పడందురు. గ్రామపెద్దల నడిగినచో నది సర్కారువారి పని యందురు. ముగ్గురును మాటలాడుచునే యున్నారు. నడుమ నున్న బిడ్డ యొక్కడే మాటలాడుట లేదు.

కొంతకాలము క్రిందట శ్రీకాకుళము సముద్రతీరమున నొక పల్లెలో జరిగిన బడిసభకు నన్ను పిలిచిరి. తల్లిదండ్రుల కర్తవ్యమును గూర్చి యుపన్యాసము వ్రాసికొని పోయితిని. సభ మిట్టమధ్యాహ్నము. తండ్రులలో ననేకులు వేటకై గుజరాతునందలి వేరావలు రేవునకు పోయి యుండిరి. ఈ తీరపు బెస్తవా రట్లు నెలల తరబడి యిల్లు విడిచి పోవుట చదువరు లెరిగినదే. తల్లులు చేపల గంపలతో నూళ్లమీద నుండిరి. వచ్చినవారు ముసలమ్మలు. ప్రధానోపాధ్యాయుడు ముప్పావు గంటసేపు క్రమశిక్షణను గూర్చి పుస్తకభాషలో మాటలాడెను. పిమ్మట పుస్తకమున వ్రేలిముద్రలు పడెను. నా ప్రక్కనున్న యొక యవ్వను, మనుమడెట్లు చదువుచున్నాడని యడిగితిని. ఆమె యిట్లనెను: "ఏటి సెప్పమంటావు బాబూ! ఇంటికాడ గలగలా మాటాడతాడు. బడికాడ నోరిప్పడని పంతులుగోరంతన్నారు. ఎందుకో సదువుకున్నోలు మీరే సెప్పాల."

నేను జవాబు చెప్పలేకపోతిని. నా యుపన్యాసము జేబులోనే యుండిపోయెను.

ఆ యవ్వ ప్రశ్నను మన ప్రాంతముననే నూరేండ్లకు మునుపొకరు తమకు తాము వేసికొనిరి. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863వ సంవత్సరమున శ్రీముఖలింగ క్షేత్రము దాపున పర్వతాలపేటలో జన్మించి, 1880లో పర్లాకిమిడిలో నుపాధ్యాయులైరి. ఆ చుట్టుపట్ల కొండలు సవరల నివాసము. సవరభాష ముండా కుటుంబములోనిది. తెలుగునకు దానితో బంధుత్వము లేదు. కొండపిల్లవానిని తెలుగుబడిలో కూర్చుండబెట్టి, వాడు పలుకకున్న మందమతి యని తీర్పు చెప్పుట మిక్కిలి సులభము. పంతులుగా రట్లు చేయలేదు. ఆ భాష వచ్చినవానిని తమ యింట నుంచుకొని, యేండ్ల తరబడి శ్రమపడి దానిని నేర్చికొనిరి. సవరలో వాచకములు వ్రాసి, సొంతధనముతో బడులు పెట్టి, అందలి యుపాధ్యాయులకు తామే జీతము లిచ్చిరి. 1931లో సవరభాషను గూర్చిన గ్రంథమును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువడినవి. కొండజ్వరమునకు వాడిన క్వినైను వలన వారి చెవులు పోయినవి. ఇతరులు వినని మాటలను వినుటకు పోయినవారికే చెవుడు వచ్చుట నాకెప్పుడును మనసు కలచివేయు సంగతి. (గ్రాంథికముతో జీవితాంతము పోరాడిన యా మహనీయుని గూర్చి నేను గ్రాంథికమున వ్రాయుట చూచిన వారు నవ్వి యుండెడివారు. పాత యలవాటు, మన్నింపుడు.)

ఇందు గమనింపవలసిన దొకటి. ఇల్లు బడి తీరును నేర్చుకొనవలెనని లోకమంతయు ననును. ఆయన బడిచేత నింటిమాటను నేర్పించిరి.

అయినను దీనిని విని యొక మిత్రుడు నాతో వాదించెను. "ఇంటిమాటకు తలయొగ్గుటయే ధర్మమైనచో, ఇల్లే తప్పు చేయునప్పుడు బడి యేమి చేయవలెను?" ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. విజయనగరము ప్రభువులు ఆనందగజపతి మహారాజావారు విశాఖపట్టణ మండలమున బ్రాహ్మణుల యిండ్ల జరిగిన కన్యాశుల్క వివాహముల పట్టికను తయారు చేయించిరి. 1897లో కన్యాశుల్క నాటకమును ముద్రించుచు గురజాడ అప్పారావుగారు పీఠికలో నా లెక్క నిచ్చిరి. మూడేండ్లలో 1,034 వివాహములు. వధువులలో నయిదేండ్లవారు 99 మంది. మూడేండ్లవారు 36 మంది. ఏడాది పసికందులు ముగ్గురు. ఆ 1,034 ఇండ్లన్నియు చదువురాని నిరుపేదల గుడిసెలే యని చెప్పుకొనుటకు వీలులేదు. తల్లిదండ్రులు సమ్మతించిరి, బంధువులు సమ్మతించిరి, పురోహితుడు మంత్రము చెప్పెను, ఊరు భోజనము చేసెను. సమాజసహకార మింతకంటె నేమి కావలెను?

కావున ఊరంతయు నొక్కమాట మీద నున్నంత మాత్రమున నది ధర్మము కాజాలదు. బిడ్డ యింటి సొత్తు కాదు, బడి సొత్తును కాదు. ఈ మాట యెవరిదని కాక, ఈ మాటవలన లాభము బిడ్డకా, మనకా యని యడుగవలెను. పదమూడేండ్ల పిల్లను బడి మాన్పించి పెండ్లి చేయబూనిన తండ్రికి ఉపాధ్యాయుడు కూడదని చెప్పియే తీరవలెను. కాని యొక్క సంగతి నా మిత్రుడు మరచెను. అప్పారావుగారు కూడ నా యింటివారిని శ్లోకములతో మందలింపలేదు. 1892లో విజయనగరమున రంగస్థలముపై వారి మాటలనే వారికి వినిపించిరి. ఎదిరించుటకును ఇంటిమాట వచ్చి యుండవలెను. ఒక్కనాడైనను ఆ గడప తొక్కని పంతులు "కూడదు" అన్నచో, అది బయటివాని కేకగానే యుండును.

ఇప్పుడు చట్టము లేకపోలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 21వ సెక్షను ప్రకారము బడి నిర్వహణసంఘమున నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేక సంరక్షకులు, మొత్తమున సగము మంది స్త్రీలు ఉండవలెను. 2004లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము సవరతో గూడ నెనిమిది గిరిజన భాషలలో చిన్నతరగతుల బోధన నారంభించెను. పంతులుగారు సొంతధనముతో మొదలిడిన పనిని సర్కారు చేపట్టుట కన్నేండ్లు పట్టెను. 2024 డిసెంబరు 7వ తేదీన రాష్ట్రమందలి సర్కారుబడులలో నొక్కదినముననే తల్లిదండ్రుల సభలు జరిగినవి. ఇవి మంచివే. కాని చట్టము తల్లికి కుర్చీ వేయగలదు గాని యామె నోట మాట రప్పింపజాలదు.

మనవంటివారిని గూర్చియు నొకమాట. ఊరిపెద్దలమని మనము వేదిక నెక్కుచున్నాము. మన బిడ్డలు మాత్ర మా బడిలో లేరు, రుసుము చెల్లించు బడులకు పోవుచున్నారు. ఆ బడి చెడిన మన కేమియు నష్టము లేదు. నష్టము లేనివాడు సమాజము పేర మాటలాడుటకు నాకున్న యధికార మెంతయో నాకే తెలియదు. ఆ దినమున నా యుపన్యాసము బయటికి రాకపోవుటకు ఇదియు నొక కారణము.

మరుసటి నెల సభ సాయంకాలము, తల్లులు తిరిగి వచ్చిన పిమ్మట, రేవునొద్ద జరిగినది. నేను పోలేదు. తరువాత నా యవ్వ కనబడి చెప్పినది. ప్రధానోపాధ్యాయుడు ఈసారి యుపన్యసింపక, సముద్రము మీది గాలుల కేమేమి పేర్లున్నవో చెప్పుడని పిల్లలను, ముసలివారిని అడిగెనట. అందరికంటె ముందు లేచినవాడు ఆమె మనుమడు. "పంతులుగోరు కాయితం మీద రాసుకున్నారు బాబూ. నాలుగు సెప్తే రెండు మరిసిపోనారు. మావోడే మల్లీ సెప్పినాడు" అని యామె నవ్వినది.