గడుల్లో పాలమూరు మనిషి

1981లో నింటెండో తెచ్చిన డాంకీ కాంగ్ అనే వీడియో గేములో మారియో ఒక వడ్రంగి. ఆ ఆట సాగేది కడుతున్న కట్టడంలో, ఇనుప దూలాల మీద. అతనికి రూపం ఇచ్చిన షిగెరు మియమోతోకు దొరికిన చోటు అడ్డం 16 గడులు (పిక్సెళ్లు), నిలువు 16 గడులు. రంగులు మూడు. అందులో జుట్టు కుదరదు, టోపీ పెట్టాడు. నోరు కుదరదు, ముక్కు కింద మీసం పెట్టాడు. చేతులు ఊగుతున్నట్టు తెలియాలని చొక్కాకూ పైతొడుగుకూ రంగులు వేరు చేశాడు. అంత ఇరుకులో పుట్టిన ఆ ముఖం నలభై ఏళ్లు దాటినా ఎవరికీ మరపు రాలేదు.

నల్లగొండలో సాయంత్రం పూట కంప్యూటర్ ముందు కూచుని నేను వేసేవీ ఇలాంటి గడుల బొమ్మలే. ఇది నాకు బతుకుదెరువు కాదు, ఇష్టం. పాత వీడియో గేముల తీరులో బొమ్మలు వేసేవాళ్లు ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఉన్నారు, వాళ్ల కోసం అసెప్రైట్ లాంటి సాఫ్ట్‌వేర్లూ వచ్చాయి. చాలామందిని ఈ పనిలోకి లాగేది చిన్ననాటి ఆటల మీది మమకారం. నాకూ అది ఉంది, కానీ నన్ను కూచోబెట్టేది మాత్రం ఒక ప్రశ్న. ఒక మనిషిలోంచి ఒక్కొక్కటీ తీసేస్తూ పోతే, ఏది తీసినప్పుడు ఆ మనిషి మనిషి కాకుండా పోతుంది?

మా వైపు నేతగాళ్లు దీన్ని ఎప్పటినుంచో చేతులతో తేలుస్తున్నారు. ఒకప్పటి నల్లగొండ జిల్లాలోని పుట్టపాకలో తేలియా రుమాలు నేస్తారు. నూనె, ఆముదపు కాయల బూడిద కలిపి నూలును పదును చేస్తారు. రంగు అంటకూడని చోట పోగులను కట్టి అద్దకం వేస్తారు. ముందు గ్రాఫ్ కాగితం మీద గడిగడిగా బొమ్మ గీసుకుంటారు. అక్కడా రంగులు మూడే: ఎరుపు, నలుపు, తెలుపు. 1930ల నాటి తేలియా రుమాళ్ల మీద ఏనుగులు, సింహాలే కాదు, విమానాలూ గడియారాలూ కనిపిస్తాయి. ఆకాశంలో కొత్తగా కనబడిన దాన్ని ఆ నేతగాళ్లు పోగుల్లోకి దించేశారు. పాత పద్ధతి అంటే పాత వస్తువులే గీయాలన్న నియమం వాళ్లు పెట్టుకోలేదు. పుట్టపాక నేతకు పేరు తెచ్చిన గజం గోవర్ధనకు 2011లో పద్మశ్రీ వచ్చింది. నాకైతే ఆయన పనితనం ముందు ఏ ఆటల కంపెనీ కూడా పెద్దదిగా కనబడదు.

అందుకే నా బొమ్మకు ఆ మూడు రంగులే తీసుకున్నాను.

బొమ్మ ఎవరిదంటే, నాగార్జునసాగర్ కట్టిన కూలి మనిషిది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ 124 మీటర్ల రాతి కట్ట మనుషుల తలల మీదుగా పైకి లేచింది. పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి వలస వెళ్లే లేబరు చెమట పడని పెద్ద ప్రాజెక్టులు దేశంలో తక్కువ. ఆనాటి నలుపు తెలుపు ఫోటోల్లో కట్ట నిండా జనమే. ఒక్కొక్కరూ కొన్ని చుక్కలంత ఉంటారు, ముఖాలు తెలియవు. శంకుస్థాపన చేసిన వారి పేరు రాతి మీద ఉంది, తట్ట మోసిన ఆమె పేరు ఎక్కడా లేదు. గతం మీద ప్రేమ ఉందని చెప్పుకుంటున్నాం కనుక, ఆ కాలం ఎవరి బొమ్మ గీయకుండా వదిలేసిందో అది వెతకడం మన బాధ్యతే అని నేను నమ్ముతాను.

అడ్డం 16, నిలువు 24 గడులు పెట్టుకున్నాను. ఒంటికి నలుపు, చీరకు ఎరుపు. నెత్తిన మాలు తట్ట కూడా నలుపే కాబట్టి తలా తట్టా కలిసిపోయాయి. మధ్యలో తెల్లటి చుట్టబట్ట వేయగానే రెండూ విడివడ్డాయి. మారియోకు టోపీ ఎంత అవసరమో ఈమెకు చుట్టబట్ట అంత అవసరం. నల్లటి ముఖంలో ఒక్క ఎర్ర గడి బొట్టు, కాళ్లకు తెల్ల గడుల కడియాలు. ముక్కుపుల్లకు చోటు లేదు, చేతి మీది పచ్చబొట్టుకూ లేదు. కొంగు నడుముకు చెక్కి, ఒక చెయ్యి పైకెత్తి తట్ట పట్టుకున్న ఆ వంపు మాత్రం తీయలేం. అది తీస్తే మిగిలేది ఎవరో ఒక ఆడమనిషి.

బొమ్మను నడిపించేటప్పుడు ఇంకొకటి తెలిసింది. పాత ఆటల్లో నడిచే బొమ్మ అడుగడుక్కీ ఒక గడి పైకీ కిందికీ ఊగుతుంది, అది ఉషారుగా కనిపిస్తుంది. తల మీద మాలు ఉన్న మనిషి అలా ఊగదు, ఊగితే మాలు ఒలుకుతుంది. తలను ఒకే వరుసలో కదలకుండా ఉంచి, ఊపంతా నడుములోకీ మోకాళ్లలోకీ దించాను. అప్పుడు ఆ నడకలో ఆమె నైపుణ్యం కనిపించింది. కూలి పనిని ఒట్టి బరువుగా చూసే కళ్లకు ఆ నైపుణ్యం ఆనదు.

ఈ రకం బొమ్మలో మనిషిని ఖాళీ తెర మీద ఒంటరిగా నిలబెట్టడం ఆనవాయితీ. కానీ నిండిన తట్టను ఎవరూ తమ నెత్తికి తామే ఎత్తుకోలేరు, ఇంకొకరు చెయ్యి వేయాలి. ఇప్పుడు ఆ రెండో మనిషిని గీస్తున్నాను. ఒంగిన నడుము, రెండు చేతులు, అవే మూడు రంగులు. ఇద్దరికీ సరిపోవాలంటే గడుల వెడల్పు 32కు పెంచాలి.