అడిగేవాడు లేని పని

మొన్నటి వీడియోలో భగవద్గీత ఆరో అధ్యాయం చెప్పుకున్నాం కదా. కెమెరా ముందు చెప్పలేకపోయిన నా సొంత సంగతి ఒకటి ఇక్కడ రాస్తున్నాను.

నేను ఉద్యోగం మానేసి రెండేళ్లయింది. చెంగిచెర్లలో ఇంట్లోనే కూర్చుని వీడియో ఎడిటింగ్ చేస్తాను. మా పై పోర్షన్‌లో ఉండే అన్న ఇక్కడి ఆర్టీసీ డిపోలో డ్రైవర్. ఫస్ట్ డ్యూటీ ఉంటే తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరతాడు. ఒకరోజు ఆయన గేటు తీసే టైమ్‌కి నేను ఫోన్ పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉన్నా.

"ఏం తమ్మీ, ఇంకా పండుకోలేదా?"

"పని ఉండె అన్నా."

"నీకేందిలే, అడిగెటోడు లేడు" అని నవ్వుకుంటూ పోయాడు.

ఆయన మామూలుగానే అన్నాడు. నాకే గుచ్చుకుంది. ఎందుకంటే ఆ రాత్రంతా ల్యాప్‌టాప్‌లో ప్రాజెక్ట్ తెరిచిపెట్టి, ఫోన్‌లో రీల్స్ చూశాను. అది గంటల లెక్కన డబ్బు తీసుకునే పని. బిల్లులో ఆరు గంటలు అని రాసుకున్నా. నిజంగా చేసింది రెండే.

అప్పటిదాకా ఫోకస్ లేకపోవడం నా ఒక్కడి బలహీనత అనుకున్నా. దానికోసం యాప్‌లు, టైమర్లు అన్నీ పెట్టి చూశా. ఆ బిల్లు చూశాక అర్థమైంది, ఇది ధర్మానికి సంబంధించిన విషయం అని.

గీత మూడో అధ్యాయం ఆరో శ్లోకంలో కృష్ణుడు ఒక మనిషి గురించి చెప్తాడు. పైకి ఇంద్రియాలను బిగబట్టి కూర్చుంటాడు, మనసు మాత్రం విషయాల చుట్టూ తిరుగుతుంటుంది. అతనికి పెట్టిన పేరు మిథ్యాచారి. ఆ రాత్రి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నది అతనే. ఆఫీసులో అయితే మేనేజర్ చూస్తాడన్న భయం ఉంటుంది. ఇక్కడ చూసేది లోపలి సాక్షి ఒక్కడే.

అలాగని దేవుణ్ణి సీసీ కెమెరాలా పెట్టుకుని భయంతో పనిచేయాలా? అదీ చేసి చూశా. మనసు ఒక్కసారి జారితే చాలు, మిగతా రోజంతా నన్ను నేను తిట్టుకోవడంతోనే సరిపోయేది. ఆ తిట్టుకోవడం కూడా పని నుంచి పారిపోవడమేనని తర్వాత తెలిసింది.

ఆరో అధ్యాయంలో అర్జునుడు మనసును పట్టుకోవడం గాలిని పట్టుకున్నంత కష్టమంటాడు. కృష్ణుడు కోప్పడడు. నిజమే, కష్టమే అని ఒప్పుకుని, అభ్యాసం, వైరాగ్యం అని రెండు దారులు చూపిస్తాడు. అంతకుముందే 26వ శ్లోకంలో, మనసు ఎక్కడికి పోతే అక్కడి నుంచి వెనక్కి తెచ్చుకోమన్నాడు. అంటే పోతుందని ఆయనకు ముందే తెలుసు. మనల్ని చేయమన్నది తిరిగి రావడం.

అన్నమయ్యనే చూడండి. పదహారో ఏట, 1424లో సంకీర్తనలు మొదలుపెట్టి 1503 వరకు పాడారని తిరుమల రాగిరేకులు చెప్తాయి. రోజుకు ఒక్కటైనా రాయాలన్నది ఆయన నియమమని పెద్దల మాట. దాదాపు ఎనభై ఏళ్లు! ప్రతి ఉదయం మనసు కుదిరే ఉంటుందా? కుదరని రోజు కూడా తాటాకు ముందుకు వచ్చి కూర్చుని ఉంటారనే నా నమ్మకం.

ఆ బిల్లు రెండు గంటలకే పంపాను. ఆ నెల అద్దెకు ఇబ్బంది పడ్డా. క్లయింట్ నుంచి "ఓకే" అని మాత్రమే రిప్లై వచ్చింది. నేను ఏం వదులుకున్నానో ఆయనకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

ఇప్పుడు ఫోన్ వంటింట్లో పెట్టి పనికి కూర్చుంటా. మనసు పోయిందని గమనించగానే గడియారం ఆపుతా. తిట్టుకోకుండా మళ్లీ మొదలుపెడతా. కొన్నిరోజులు మూడు గంటలే తేలుతుంది. మూడే రాస్తా.

రాత్రి దీపం దగ్గర ఆ లెక్క ఒకసారి చూసుకుని "కృష్ణార్పణం" అనుకుంటా. చేసిన పని ఏదైనా నాకు అర్పించు అన్నాడు కదా స్వామి. చేయని గంటల్ని మాత్రం ఆయనకు ఎలా అర్పిస్తాం?